మాల్టా ఇంగ్లిష్ ట్రిప్, 9వ తరగతి: హాస్టలా, హోస్ట్ ఫ్యామిలీలా? ఇండియన్ పాస్‌పోర్ట్ పిల్లల సంగతేంటి?

#1 నెకర్_ఒడ్డు

అందరికీ నమస్కారం. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర రియల్‌షూలే (ఒక రకం హైస్కూల్), 9వ తరగతి, 26 మంది పిల్లలు. మే రెండో వారంలో మాల్టాకి 7 రోజుల ఇంగ్లిష్ ట్రిప్ అనుకుంటున్నారు. టీచర్ రెండు ఆఫర్లు పంపి పేరెంట్స్ అభిప్రాయం అడిగారు.

ఎ) సెంట్ జూలియన్స్‌లో స్టూడెంట్ రెసిడెన్స్. గదికి నలుగురు, మన క్లాసుకి విడిగా పాఠాలు, రోజూ మధ్యాహ్నం కోచ్‌లో సైట్‌సీయింగ్.

బి) హోస్ట్ ఫ్యామిలీలు, ఇంటికి ఇద్దరు. 20 లెసన్లు. మధ్యాహ్నాలు సగం ఖాళీ. ధర కాస్త తక్కువ.

పిల్లలంతా ఒకే కప్పు కింద ఉంటారని ఎక్కువమంది "ఎ" వైపే మొగ్గుతున్నారు. క్లాసులో ముగ్గురికి ఇండియన్ పాస్‌పోర్ట్‌లు, వాళ్ళలో ఒకరి రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్లో ఉంది. ఇద్దరు శాకాహారులు. మీటింగ్‌లో ఏమేం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 చాక్‌పీస్

ముందు లెసన్ల లెక్క చూడండి. 20 లెసన్లంటే 20 గంటలు కాదు. లెసన్ 45 నిమిషాలు కాబట్టి 15 గంటలు. 5 రోజులకు పంచితే రోజుకి 3 గంటలు, మధ్యలో ఒక బ్రేక్. 9వ తరగతి పిల్లలకి ఆ 15 గంటల్లో ఇంగ్లిష్ పెద్దగా మారదు. మిగతా మెలకువ గంటల్లో ఏ భాషలో మాట్లాడారన్నదే ట్రిప్ ఫలితం తేలుస్తుంది. ఆఫర్‌ని ఆ కంటితో చదవండి.

"ఎ"లో పిల్లలు పొద్దున లేచి జర్మన్, బ్రష్ చేస్తూ జర్మన్, క్లాసులో టీచర్ అటు తిరిగితే జర్మన్, కోచ్‌లో జర్మన్. గైడ్ ఇంగ్లిష్‌లో చెబుతాడు, వినేది ముందు రెండు వరుసలే. అది చక్కటి విహారయాత్ర, తప్పేం లేదు. కానీ దానికి లాంగ్వేజ్ ట్రిప్ అని పేరు పెట్టి డబ్బు కట్టకండి.

"బి"లో కనీసం పొద్దున టిఫిన్ దగ్గర, రాత్రి భోజనం దగ్గర ఇంగ్లిష్ తప్పదు. దుప్పటి కావాలన్నా, వైఫై పాస్‌వర్డ్ కావాలన్నా, వేడినీళ్ళు రాకపోయినా అడగాల్సిందే.

అలాగని "బి" దానంతటదే పనిచేయదు. మాల్టాలోని లాంగ్వేజ్ స్కూల్‌ని ఇవి అడగండి:

– క్లాసులో గరిష్ఠంగా ఎంతమంది? 15 దాటకూడదు. మీ 26 మందిని 13, 13 చేస్తారు. ఆ విభజన ప్లేస్‌మెంట్ టెస్టుని బట్టా, హాజరుపట్టీ వరుసనా? టెస్టు ఇక్కడే ఆన్‌లైన్‌లో రాయించేస్తే సోమవారం పొద్దున గంటన్నర మిగులుతుంది.

– ఆ వారంలో మాల్టా పబ్లిక్ హాలిడే ఉందా? ఏడాదికి 14 ఉన్నాయి. సెలవు రోజు పాఠాలుండవు, చాలా స్కూళ్ళు వాటిని తిరిగి చెప్పవు కూడా. మే 1, జూన్ 7 సెలవులు. మీ రెండో వారం ఆ రెంటికీ తగలదు, మంచిదే. తేదీలు జరిగితే మాత్రం మళ్ళీ చూసుకోండి.

– స్కూల్‌కి ఈఎల్‌టీ కౌన్సిల్ (మాల్టాలో ఇంగ్లిష్ నేర్పే స్కూళ్ళని పర్యవేక్షించే సంస్థ) లైసెన్స్, హోస్ట్ ఇళ్ళకి మాల్టా టూరిజం అథారిటీ లైసెన్స్ ఉన్నాయా? పిల్లల్ని పెట్టుకునే ఇంటికి ఆ లైసెన్స్ తప్పనిసరి. "మాకు తెలిసిన ఫ్యామిలీలే" అనే మాటతో సరిపెట్టుకోకండి.

#3 లెక్కల_మాస్టారు

చాక్‌పీస్ గారి వాదన బాగుంది, కానీ రెండో వైపూ చూడాలి. 26 మంది అంటే 13 ఇళ్ళు. వెంట వెళ్ళేది ఇద్దరో ముగ్గురో టీచర్లు. రాత్రి పదకొండింటికి ఒక ఇంట్లో పిల్లాడు వాంతులు చేసుకుంటే, ఇంకో ఇంట్లో అమ్మాయి ఏడుస్తుంటే ఎవరు ఎటు పరిగెత్తాలి? పైగా ఇళ్ళన్నీ ఒకలా ఉండవు. ఒకరికి విడి బాత్‌రూమ్, ఇంకొకరికి ఆరుగురితో ఒకటే. మర్నాడు క్లాసులో పోలికలు మొదలవుతాయి. ఆందోళన ఎక్కువగా ఉండే పిల్లలకి రెసిడెన్సే నయం.

#4 చాక్‌పీస్

మాస్టారూ, ఆ భయం నిజమైనదే. దానికి విరుగుడు దూరం. 13 ఇళ్ళూ ఒకే పేటలో, స్కూల్‌కి నడిచి 20 నిమిషాల లోపు ఉండాలని ముందే రాయించుకోవాలి. స్వీకీ, పెంబ్రోక్, సాన్ గ్వాన్ వైపు అలా దొరుకుతాయి. టీచర్ల బస కూడా అదే పేటలో ఉండాలి, సముద్రం కనిపించే హోటల్లో కాదు. ఏజెన్సీ వాళ్ళ 24 గంటల ఫోన్ నంబర్ ఇవ్వాలి, బయల్దేరే ముందు దానికి ఒకసారి కాల్ చేసి చూడాలి. ఇల్లు కుదరకపోతే 24 గంటల్లో మార్చాలని ఒప్పందంలో ఉండాలి.

ఆందోళనపడే పిల్లల్ని వాళ్ళకి నచ్చిన స్నేహితులతోనే వేయండి. మిగతా జంటల్లో మాత్రం ప్రాణస్నేహితుల్ని ఒకే గదిలో పెట్టకపోతే మేలు. అదే ఇంట్లో అదే వయసు ఇటాలియన్ పిల్లలో స్పానిష్ పిల్లలో ఉంటే ఇంకా మేలు, అప్పుడు అందరికీ కలిసే భాష ఇంగ్లిష్ ఒక్కటే. అబ్బాయిలు, అమ్మాయిలు వేర్వేరు ఇళ్ళలో ఉండాలని రాతపూర్వకంగా అడగండి.

ఇంకో సంగతి. మీ "ఎ" ఆఫర్ సెంట్ జూలియన్స్ అంటున్నారు. అందులోనే పాచవిల్ ఉంది, అంటే ద్వీపం మొత్తానికి నైట్‌క్లబ్బుల వీధి. రెసిడెన్స్ అడ్రస్ మ్యాప్‌లో పెట్టి, అక్కడికి ఎన్ని మీటర్లో చూసుకోండి. మాల్టాలో 17 ఏళ్ళ లోపు వాళ్ళకి మద్యం అమ్మకూడదు. జర్మనీలో 16కే బీరు దొరుకుతుంది కాబట్టి, "మాకు పర్మిషన్ ఉంది" అనే పిల్లలు ఒకరిద్దరు తేలతారు. అక్కడ ఆ మాట చెల్లదు.

#5 బోర్డింగ్_పాస్

పాస్‌పోర్ట్ సంగతి నేను చెబుతాను.

మాల్టా 2007 డిసెంబర్ నుంచి షెంగెన్‌లో, అంటే లోపలి సరిహద్దుల్లో మామూలుగా తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలో ఉంది. చెల్లుబాటయ్యే జర్మన్ రెసిడెన్స్ పర్మిట్, చెల్లుబాటయ్యే ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలకి వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజుల నియమం ఉంది, వారం ట్రిప్‌కి అది అడ్డు కాదు. కానీ రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫోటో, జిరాక్స్ పనికిరావు. ఒక దొంగ సమస్య ఉంది: పాస్‌పోర్ట్ కొత్తది వచ్చి, పర్మిట్ కార్డు పాత పాస్‌పోర్ట్ నంబర్‌తోనే ఉండటం. అలాంటప్పుడు పాతదీ వెంట పెట్టండి, వీలైతే కార్డు మార్పించండి.

రెన్యువల్లో ఉన్నవాళ్ళ విషయం జాగ్రత్త. ఆస్‌లెండర్ ఆఫీసు (విదేశీయుల పర్మిట్లు చూసే కార్యాలయం) రెన్యువల్ తేలేవరకు ఇచ్చే తాత్కాలిక కాగితం, అదే ఫిక్షన్ పేపర్‌లో మూడు గడులుంటాయి. 3వ గడి, అంటే 81వ సెక్షన్ 4వ పేరా కింద పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు టిక్ ఉంటేనే ప్రయాణానికి పనికొస్తుంది. అదీ గడువు తీరిన పాత కార్డుతో కలిపి చూపిస్తేనే. కాబట్టి పాత కార్డు ఆఫీసులో ఇచ్చేయకుండా దగ్గర పెట్టుకోవాలి. మొదటి గడికో రెండో గడికో టిక్ ఉంటే ఆ కాగితం మీద దేశం దాటించకండి. ఎయిర్‌లైన్ కౌంటర్‌లో వాళ్ళకి ఈ కాగితం కొత్తగా ఉంటుంది కాబట్టి, టీచర్ ఎయిర్‌లైన్‌కి ముందే మెయిల్ పెట్టి జవాబు ప్రింట్ తీసుకుంటే మంచిది.

ఆ దారి మూసుకుపోతే స్కూల్ ట్రిప్ లిస్ట్ ఉంది. వీసాకి బదులు పనికొచ్చేలా ఈయూలో 1994 నుంచి ఉన్న ఏర్పాటు. జర్మన్ స్కూళ్ళు దాన్ని ష్యూలర్‌జామెల్‌లిస్టె అంటాయి. పిల్లల పేర్లతో స్కూల్ తయారుచేస్తుంది, ఆస్‌లెండర్ ఆఫీసు ముద్ర వేస్తుంది, అవసరమైన చోట ఫోటో అతికిస్తారు. టీచర్ వెంట ఉన్నంతసేపే అది చెల్లుతుంది. పిల్లాడు జబ్బుపడి ఒంటరిగా ముందే తిరిగి రావాల్సివస్తే ఆ లిస్ట్ పనికిరాదు. ప్రయాణానికి కనీసం 6 నుంచి 8 వారాల ముందు మొదలుపెట్టండి, ఆఫీసుల అపాయింట్‌మెంట్ల సంగతి మీకు తెలిసిందే.

ఇక మన తెలుగు పేర్ల గొడవ. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, గివెన్ నేమ్‌లో నాలుగు పేర్లుంటాయి. స్కూల్ రికార్డులో "సాయి" అని ఒక్క ముక్కే ఉంటుంది. టీచర్ స్కూల్ లిస్ట్ చూసి గ్రూప్ టికెట్‌కి పేర్లు ఇచ్చేస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో టికెట్ ఒకటి, పాస్‌పోర్ట్ ఒకటి. పాస్‌పోర్ట్ అడుగున ఉండే రెండు లైన్ల యంత్రపు అక్షరాల్లో ఎలా ఉందో అలాగే ఇవ్వండి. గ్రూప్ బుకింగ్‌లో పేర్లు ఇవ్వడానికి ఒక గడువు ఉంటుంది, ఆలోపు మార్పులు తేలిక. అది దాటితే ఫీజు.

#6 నెకర్_ఒడ్డు

చాలా ఉపయోగం, థాంక్స్ అండీ. మీటింగ్‌లో ఒకరు "ఇంగ్లండ్‌కే ఎందుకు వెళ్ళకూడదు, అసలు ఇంగ్లిష్ అక్కడే కదా" అన్నారు. దానికేం చెప్పాలి?

#7 బోర్డింగ్_పాస్

2021 అక్టోబర్ 1 నుంచి యూకే ఈయూ ఐడీ కార్డులతో మామూలు సందర్శకుల్ని రానివ్వట్లేదు, పాస్‌పోర్ట్ కావాలి. జర్మన్ స్కూల్ లిస్ట్‌నీ అప్పుడే ఒప్పుకోవడం మానేసింది, ఇప్పటి నియమం ఏమిటో ముందు కనుక్కోండి. ఆ లిస్ట్ చెల్లకపోతే ఇండియన్ పాస్‌పోర్ట్ పిల్లలకి విజిటర్ వీసా, బయోమెట్రిక్స్, ఫీజు. ఒక్కరికి వీసా రాకపోతే క్లాసు మొత్తం ఇబ్బందిలో పడుతుంది. మాల్టా వైపు స్కూళ్ళు మళ్ళడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

#8 స్లీమా_నర్స్

మాల్టా నుంచి రాస్తున్నాను, ఆరోగ్యం సంగతులు మాత్రమే.

జర్మన్ ప్రభుత్వ ఇన్సూరెన్స్ కార్డు వెనకవైపే యూరోపియన్ హెల్త్ కార్డ్. పౌరసత్వం ఇండియాదైనా, జర్మనీలో చట్టబద్ధంగా ఉండి అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రి మ్సీదాలో ఉన్న మేటర్ డేయి, గోజో ద్వీపానికి విడిగా ఒకటుంది. ఎమర్జెన్సీ 112. ప్రైవేట్ క్లినిక్‌లో ఆ కార్డు చెల్లదు, అక్కడికక్కడే కట్టాలి. జర్మనీకి విమానంలో రోగిని తీసుకెళ్ళే ఖర్చు కూడా కార్డు ఇవ్వదు. అందుకే విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్. ప్రైవేట్ ఇన్సూరెన్స్ పిల్లలు పాలసీ కాగితం తెచ్చుకోవాలి.

ఆదివారం మందుల షాపులు వంతులవారీగా కొన్నే తెరుస్తారు, అదీ పొద్దున పూటే. ఇన్‌హేలర్, అలర్జీ మందులు, ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వెంటనే వేసుకునే సూది) అసలు పెట్టెలతో, డాక్టర్ కాగితంతో రావాలి. చెకిన్ సూట్‌కేసులో వద్దు, చేతి బ్యాగులో.

మే నెలలో సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది. ఎండ చూసి దూకుతారు, రెండు నిమిషాల్లో పళ్ళు టకటకలాడతాయి. స్లీమా వైపు ఇసుక లేదు, రాళ్ళే. రాళ్ళ మీద సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు) ఉంటాయి, పాదంలో గుచ్చుకుని విరిగిపోతాయి. రబ్బరు వాటర్ షూస్ 10 యూరోల లోపే, అవి లేకుండా రాళ్ళ మీదకి దింపకండి. ఇసుక కావాలంటే మెల్లీహా దగ్గర గదీరా, లేదా గోల్డెన్ బే.

ఊదా రంగు జెండా ఎగిరితే జెల్లీఫిష్ ఉన్నట్టు. ఇక్కడ ఎక్కువగా కుట్టేది గులాబీ ఊదా రంగులో ఉండే చిన్న రకం. కుడితే మంచినీళ్ళు పోయకూడదు, తువ్వాలుతో రుద్దకూడదు, రెండూ మిగిలిన కుట్టుడు కణాల్ని పగలగొడతాయి. సముద్రపు నీళ్ళతోనే కడగాలి. వంటసోడా, సముద్రపు నీళ్ళు సమానంగా కలిపి ముద్దలా రెండు నిమిషాలు పెట్టి, ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకేయాలి. ఈ రకానికి వెనిగర్ వద్దు. ఫస్ట్ ఎయిడ్ సంచిలో 100 గ్రాముల వంటసోడా ప్యాకెట్ పెడితే చాలు. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే 112.

కుళాయి నీళ్ళు తాగొచ్చు, కానీ సగానికి పైగా సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. రుచి నచ్చక పిల్లలు తాగడం మానేసి, మధ్యాహ్నానికి తలనొప్పి అంటారు. అసలు జబ్బు అది.

#9 చాక్‌పీస్

నర్స్ గారి మాటకి తోడు: చాలా జర్మన్ రాష్ట్రాల్లో క్లాసుని నీళ్ళలోకి దింపాలంటే, నీళ్ళలోంచి మనిషిని కాపాడగల శిక్షణ ఉన్న టీచర్ వెంట ఉండాలి. పేరెంట్స్ రాతపూర్వక అనుమతి, పిల్లాడికి ఈత ఎంత వచ్చో కూడా ఉండాలి. ఆ శిక్షణ ఎవరికీ లేకపోతే ప్రోగ్రామ్‌లోంచి "బీచ్ ఆఫ్టర్‌నూన్" తీసేయమనండి. పేరుకి పెట్టి, తీరా అక్కడికెళ్ళి వద్దంటే ఎవరూ వినరు.

#10 పచ్చళ్ళ_డబ్బా

శాకాహారం గురించి. ఫారంలో "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. చేపకి మినహాయింపు ఉంటుందనుకునే ఇళ్ళు బోలెడు. వస్తువుల వారీగా రాయండి: మాంసం వద్దు, హామ్ వద్దు, చేప వద్దు, ట్యూనా వద్దు, గుడ్డు సరే లేదా వద్దు, పాలు, పెరుగు, చీజ్ సరే. ఇంటివాళ్ళు మధ్యాహ్నానికి కట్టించేది సాండ్‌విచ్, మామూలుగా హామ్‌తో. "హామ్ తీసేశాం" అని ట్యూనా పెడతారు. టొమాటో రాసి నూనె పోసిన మాల్టా రొట్టె బ్రహ్మాండంగా ఉంటుంది, అందులోనూ ట్యూనా వేయడం మామూలే.

వీధిలో దొరికే పస్తిత్సీ, అంటే పొరలు పొరలుగా విచ్చుకునే చేతి సైజు పఫ్, రెండు రకాలు: రికోట్టా చీజ్‌ది, బఠాణీలది. అరచేయంత కాగితంలో పెట్టి ఇస్తారు, కొరికితే పొరలు చొక్కా నిండా. బఠాణీది మన పిల్లలకి కడుపు నింపే మార్గం, చవక కూడా. పిండిలో ఏ కొవ్వు వాడారో మాత్రం షాపులో అడగండి, కొన్ని చోట్ల పంది కొవ్వు ఉంటుంది. ఆ అడగడమే మంచి ఇంగ్లిష్ ఎక్సర్‌సైజ్.

పచ్చడి సీసా చేతి బ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీలో నూనె పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క, చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మి.లీ. దాటితే చెత్తబుట్టలోకి. కందిపొడి, కారప్పొడి ఫర్వాలేదు. వాటికి నెయ్యి అందుబాటులో లేకపోతే ఆలివ్ నూనెతో సర్దుకోవాలి. పాపం.

#11 లెక్కల_మాస్టారు

సరే, "బి"కి ఒప్పుకున్నాననుకోండి. ఆ ఖాళీ మధ్యాహ్నాల్లో పిల్లలు ఏం చేస్తారు? ఒక మూలన కూర్చుని ఫోన్లు చూసుకుంటారు.

#12 చాక్‌పీస్

అవును, పని ఇవ్వకపోతే అదే చేస్తారు. కాబట్టి టాస్క్ కార్డులు. ముగ్గురేసి గ్రూపు, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉంటారు, ఒకరు సాయానికి వెళతారు. రోజుకి మూడు సంభాషణలు, ఒక్కోదానిలో మూడు ప్రశ్నలు. షరతు ఒక్కటే: జవాబు ఫోన్‌లో దొరక్కూడదు.

రాజధాని వల్లెట్టా చూసే రోజు కార్డు ఇలా ఉంటుంది:

1. అప్పర్ బరక్కా తోటలో మధ్యాహ్నం 12కి ఫిరంగి పేలుస్తారు, సాయంత్రం 4కి మళ్ళీ. పేల్చాక అక్కడ యూనిఫాంలో ఉన్నవారిని అడగండి: ఈ పనిలోకి ఎలా వచ్చారు, చెవులకి ఏం పెట్టుకుంటారు, వర్షం పడితే ఏం చేస్తారు.

2. ఏదైనా చిన్న షాపులో: ఈ షాపు ఎప్పటి నుంచి ఉంది, పక్క షాపు ఇదివరకు ఏముండేది, టూరిస్టులు అడిగే అన్నిటికన్నా వింత ప్రశ్న ఏది.

3. రాత్రి భోజనం దగ్గర హోస్ట్‌ని: మీరు ఇంట్లో ఎప్పుడు మాల్టీస్, ఎప్పుడు ఇంగ్లిష్ మాట్లాడతారు? పిల్లలు స్కూల్లో?

మూడోది ఊరికే పెట్టలేదు. ఇంగ్లిష్, మాల్టీస్ రెండూ అక్కడ అధికార భాషలే, కానీ ఇంట్లో వాళ్ళలో వాళ్ళు చాలామంది మాల్టీసే మాట్లాడుకుంటారు. పిల్లలకి అది అర్థంకాక "మమ్మల్ని పట్టించుకోవట్లేదు" అనుకుంటారు. ముందే చెప్పి, దాన్నే ప్రశ్నగా మారిస్తే ఆ బెడద పోతుంది.

ఆదివారం దిగితే మార్సాశ్లొక్ చేపల సంత ఉంది. మూడు చేపల పేర్లు, కిలో ధరలు, ఒకటి ఎలా వండాలో అడిగి రావాలి. లంపూకీ చేప ఎప్పుడొస్తుందని కూడా అడగమనండి. అది ఆగస్టు తర్వాతి సీజన్‌ది, మేలో అడిగితే అమ్మేవాళ్ళు నవ్వి పూర్తి పాఠం చెబుతారు.

నేనైతే కార్డులు మర్నాడు పొద్దున 5 నిమిషాల్లో చూస్తాను. గ్రామర్ దిద్దను. ఎవరితో, ఎక్కడ, ఏం చెప్పారు, అంతే. దిద్దడం మొదలుపెడితే రెండో రోజు నుంచి కార్డులు ఇంట్లో కూర్చుని కల్పించి రాస్తారు.

#13 బోర్డింగ్_పాస్

రవాణా గురించి రెండు ముక్కలు. బస్సు నిండితే డ్రైవర్ ఆపకుండా వెళ్ళిపోతాడు. పొద్దున 7 నుంచి 9 మధ్య 26 మంది ఒకే బస్సు ఎక్కడం కల్ల. అందుకే నడిచే దూరం అని చాక్‌పీస్ గారు పట్టుబడుతున్నది. బస్సులకి వారం పనికొచ్చే ఎక్స్‌ప్లోర్ కార్డు ఉంది; ధర ఏజెన్సీ ప్యాకేజీలో కలిపారో లేదో చూడండి. మాల్టాలో ఎడమవైపు నడుపుతారు. జర్మనీలో పెరిగిన పిల్లలు రోడ్డు దాటేటప్పుడు ఎడమకి చూసి అడుగేస్తారు, బండి కుడి నుంచి వస్తుంది. సెలవులకి హైదరాబాద్ వెళ్ళివచ్చే పిల్లలకి ఇక్కడ కాస్త లాభం.

గోజోకి చిర్కెవ్వా నుంచి ఫెర్రీ, దాదాపు 25 నిమిషాలు. టికెట్ తిరుగు ప్రయాణంలో గోజో వైపే తీసుకుంటారు, కాబట్టి పిల్లల లెక్క తప్పితే తెలిసేది సాయంత్రమే. పెద్ద ఫెర్రీ చాలావరకు నడుస్తుంది, కానీ ఈశాన్యపు గాలి లేస్తే మధ్యలో ఉన్న కొమినో దీవికి వెళ్ళే చిన్న పడవలు ఆగిపోతాయి. ప్రోగ్రామ్‌లో కొమినో ఉంటే గాలి రోజుకి బదులు ప్లాన్ రాయమనండి. కొమినోలోని బ్లూ లగూన్‌కి 2025 నుంచి ముందస్తు స్లాట్ బుకింగ్ వచ్చింది.

హల్ సఫ్లియెనీ భూగర్భ సమాధి గంటకి 10 మందినే లోపలికి పంపుతుంది. 26 మంది క్లాసుకి అది ప్రోగ్రామ్‌లో రాసి ఉంటే ఆ ఏజెన్సీ కాగితం ఎవరో కాపీ కొట్టినట్టే. బ్రోషర్‌లో అజూర్ విండో రాతి తోరణం ఫోటో ఉంటే మరీ పాతది. అది 2017 మార్చి 8న సముద్రంలో కూలిపోయింది.

#14 నెకర్_ఒడ్డు

ఏజెన్సీ అడ్వాన్స్ అడుగుతోంది. ఎంతవరకు ఇవ్వొచ్చు?

#15 లెక్కల_మాస్టారు

విమానం, బస రెండూ కలిపి అమ్ముతున్నారు కాబట్టి అది ప్యాకేజీ టూర్. జర్మన్ చట్టం ప్రకారం జిషరుంగ్స్‌షైన్, అంటే కంపెనీ దివాలా తీస్తే డబ్బు వెనక్కొచ్చే హామీ పత్రం చేతికి రాకముందు ఒక్క యూరో కూడా కట్టక్కర్లేదు. మామూలుగా అడ్వాన్స్ 20 శాతం. స్కూల్ ఖాతా ద్వారా కాకుండా టీచర్ సొంత ఖాతాకి పంపమంటే వద్దనండి, టీచర్‌కీ అది తలనొప్పే. క్యాన్సిలేషన్ ఇన్సూరెన్స్ తీసుకుంటే, వీసా కాగితాల వల్ల పిల్లాడు ఆగిపోతే వర్తిస్తుందా అని షరతుల్లో వెతకండి. చాలా పాలసీల్లో జబ్బు, ప్రమాదం ఉంటాయి, కాగితాలు రాకపోవడం ఉండదు. ఫిక్షన్ పేపర్ ఉన్న కుటుంబం ఇది ముందే తెలుసుకోవాలి.

#16 నెకర్_ఒడ్డు

మీటింగ్‌లో "బి"నే ప్రతిపాదిస్తాను, ఇళ్ళు నడిచే దూరంలో ఉండాలనే షరతుతో. ఆఖరి చిన్న ప్రశ్న: ఛార్జర్లకి ఇక్కడి ప్లగ్ సరిపోతుందా?

#17 స్లీమా_నర్స్

సరిపోదు. ఇక్కడ బ్రిటిష్ రకం, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులు. ఇండియా నుంచి తెచ్చిన గుండ్రటి పిన్నుల అడాప్టర్ కూడా పట్టదు. సాకెట్ పక్కన మామూలుగా స్విచ్ ఉంటుంది, వేయడం మర్చిపోయి "ఛార్జర్ పాడైంది" అంటారు. గదికి ఒక అడాప్టర్, దానికి ఒక జర్మన్ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే ఇద్దరికీ చాలు. ఎయిర్‌పోర్ట్‌లో కొనకండి, అక్కడ ధర రెట్టింపు.